ఖాదర్ దిండు

చిలకలూరిపేటలో హైవే దిగి జిన్నింగు మిల్లుల వైపు తిరిగితే, గాలికి ఎగిరే దూది నడుమ ఒక చిన్న ఆసుపత్రి కనపడుతుంది. ఒకప్పుడు దొరసాని డాక్టర్లు నడిపారు, ఇప్పుడు ఊళ్ళోవాళ్ళే ట్రస్టు కట్టి నడుపుతున్నారు. అక్కడికెళ్ళి ఎక్స్‌రే గది ఎక్కడని అడిగి చూడండి. "ఖుర్షిదమ్మ గదా? ఆ చివర" అంటారు. గది ఆసుపత్రిది, మిషను ఆసుపత్రిది, పేరు మాత్రం ఖుర్షిదాది. ఈ మాట ఆమె ముందే అంటే, "అబ్బే, నాదేముందండీ" అని తల దించుకునే రకం కాదు. "మరి ఇన్నేళ్ళూ ఊరికే ఉన్నానా?" అంటుంది. చేసిన పనికి పేరొస్తే పుచ్చుకోవాలి గానీ, వద్దనడం దేనికట?

ఆ గదిలో ఆమె ప్రాణంగా చూసుకునే వస్తువులు రెండున్నాయి. ఒకటి అద్దాల బీరువాలో ఉన్న పాత ఇంగ్లీషు పుస్తకం. నూరేళ్ళు దాటిన పుస్తకం, మొదటి అట్ట చెద తినేసింది, పేరేమిటో ఎవరికీ తెలియదు. రెండోది బల్ల పక్కన చిలక్కొయ్యకు వేలాడే తెల్లటి దిండు. ఆసుపత్రిలో దాన్ని అందరూ ఖాదర్ దిండు అంటారు. డాక్టర్లు కూడా అలాగే అంటారు. ఆ ఖాదర్ ఖుర్షిదా తండ్రి, ఖాదర్ వలి. వీధి వీధీ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టిన మనిషి. చదువు లేదు, సంతకం రాదు, పేరు మాత్రం ఆసుపత్రిలో ఉండిపోయింది.

ఆ దిండు ఎందుకో చెప్పాలి. పసిపిల్లలకి ఎక్స్‌రే తీయడమంటే మాటలు కాదు. పెద్దవాళ్ళనైతే ఊపిరి బిగబట్టమంటాం. పది నెలల పిల్లాడికి ఏమని చెబుతాం? చాలాచోట్ల తల్లికి సీసం పొదిగిన బరువైన తొడుగు వేసి, పిల్లాడి చేతులు పట్టుకోమంటారు. ఖుర్షిదా గదిలో ఆ పప్పులు ఉడకవు. మిషను వెలిగేటప్పుడు బల్ల మీద పిల్లాడి ఒళ్ళే ఉండాలి, ఇంకొకరి చెయ్యి ఉండకూడదు. అది ఆ గది ఆచారం. అందుకే ఆ దిండు. నడుమ పిల్లాడు ఇమిడేంత పల్లం, రెండు పక్కలా రెండు దూది చుట్టలు, పైనుంచి రెండు నూలు పట్టీలు. పిల్లాణ్ణి అందులో పడుకోబెట్టి పట్టీలు కట్టేస్తే అమ్మ ఒడిలో ఉన్నట్టే ఉంటాడు. నూలుగుడ్డ, దూది ఎక్స్‌రేకి అడ్డం రావు. బొమ్మలో పిల్లాడు కనపడతాడు, దిండు కనపడదు.

ఈ ఆచారం ఎలా మొదలైందంటే, దాని వెనక ఒక మనిషి రెండు వేళ్ళున్నాయి.

ఖుర్షిదా పద్దెనిమిదేళ్ళ పిల్లగా ఆ ఆసుపత్రిలో తుడిచే పనికి చేరింది. అప్పట్లో ఎక్స్‌రే గది నతానియేలు గారిది. పొడవాటి మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఎడమచెయ్యి ఎప్పుడూ జేబులోనే. గర్వమేమో అనుకునేది ఖుర్షిదా. చేరిన వారానికే, ఆయన మీట నొక్కబోయే వేళకి ఒక పసిపిల్ల బల్ల మీంచి దొర్లబోతుంటే, ఈ పిల్ల చీపురు పారేసి ఉరికి పట్టుకుంది. నతానియేలు గారు ఒక్క అరుపు అరిచి ఆమెను గోడకి నెట్టేశారు. పిల్ల తల్లి బిత్తరపోయింది. ఖుర్షిదాకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"పిల్ల పడిపోతుంటే పట్టుకోవడం తప్పేంటండీ?" అంది.

ఆయన జేబులోంచి ఎడమచెయ్యి తీసి ఆమె ముందు పెట్టారు. చూపుడు వేలూ నడిమి వేలూ సగానికి లేవు. మిగిలిన వేళ్ళ మీద చర్మం ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉంది.

"నేనూ పట్టుకున్నానమ్మా. పదేళ్ళపాటు వచ్చిన ప్రతి పిల్లనీ పట్టుకున్నాను. ఆ వెలుతురు కాలినట్టు తెలీదు, చల్లగా కూడా తెలీదు. ఏమీ తెలీదు. తెలిసేసరికి ఇదీ సంగతి."

ఆ సాయంత్రమే ఆయన పాత పుస్తకం తెరిచి చూపించారు. దొరసాని డాక్టరు వెళ్ళిపోతూ వదిలేసిన పుస్తకం అది. ఎక్స్‌రే పుట్టిన కొత్తల్లో వేసింది. మొదటి పుటల్లో ఉంగరం పెట్టుకున్న ఒక ఆడమనిషి చేతి ఎముకలు ఉన్నాయి. ఆ తర్వాత డబ్బుల సంచి, మూసిన పెట్టెలో తాళంచెవి, చేప, కప్ప, బూటులో ఉన్న కాలు. ఆ రోజుల్లో ఆ కిరణమంటే జనానికి తిరనాళ్ళ వింత కదా, చేతికి దొరికిందల్లా దాని ముందు పెట్టి చూశారు. మనిషిని పెట్టబోయే ముందు వస్తువుని పెట్టి చూడమని ఆ పుస్తకం రాసినాయన చెబుతాడట. ముందు నీ పనిముట్లు ఎలా కనపడతాయో తెలుసుకో, అప్పుడు గానీ మనిషి ఒంట్లో ఏముందో నీకు తెలియదు అంటాడట. నతానియేలు గారు ఇంగ్లీషు చదివి ఆమెకి తెలుగులో చెప్పిన మాటలివి.

చివరి పుటల దగ్గర ఆయన ఆగిపోయారు. అక్కడున్నవి కూడా చేతుల బొమ్మలే. రోగులవి కావు, ఆ పని మొదట చేసిన వాళ్ళవి. గోళ్ళు నల్లబడినవి, పుళ్ళు పడినవి, వేళ్ళు లేనివి.

"నిఘంటువు పక్కన పెట్టుకుని ఆదివారానికి ఒక పుట చొప్పున చదివానమ్మా. ఈ పుటలకి వచ్చేసరికి నా గోళ్ళు పగలడం మొదలైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే నాదే."

ఖుర్షిదా ఇంటికెళ్ళి తండ్రికి ఈ సంగతంతా చెప్పింది. ఖాదర్ వలి ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. చేతి పనివాడికి వేళ్ళు పోయాయంటే ఇంకేం మిగిలింది? ఆయన పనంతా వేళ్ళదే మరి. విల్లు వాయించి దూది ఏకాక, కళ్ళు మూసుకుని ఒక్కో పిడికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసేవాడు. పత్తిగింజ ముక్క కంటిని మోసం చేస్తుంది గానీ వేలిని మోసం చెయ్యలేదనేవాడు. తెల్లారి విల్లు భుజాన వేసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు.

"అయ్యా, పిల్లలు కదలకుండా ఉండాలి, చెయ్యి పెట్టకూడదు, అంతే కదా? నేను దిండు కుట్టి ఇస్తాను" అన్నాడు.

నతానియేలు గారు పుస్తకం చెప్పిన పద్ధతి తప్పలేదు. ముందు ఏకిన దూదిని ఒక్కదాన్నే బల్ల మీద పెట్టారు. ఏ ఫిల్ము ఎవరిదో తెలియడానికి పక్కన సీసం అక్షరం పెట్టడం ఆ పనిలో అలవాటు. సీసపు రేకు కత్తిరించి 'ఖా' అక్షరం చేసి మూల పెట్టి ఫిల్ము తీశారు. కడిగి ఆరేశాక ఖాదర్ వలి చేతికిచ్చారు. ఆయన కిటికీకేసి పట్టి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మూల చిన్న అక్షరం తప్ప నల్లటి అట్ట.

"పొద్దుటి నుంచి రెక్కలు పడిపోయేలా ఏకానండీ. ఆనవాలు కూడా లేదేంటి?" అన్నాడు చిన్నబుచ్చుకుని.

"అదే కదయ్యా నీ గొప్ప. ఒక్క గింజ మిగిలినా చుక్క కనపడేది. నేను ఎన్నో పెట్టి చూశాను, ఏమీ కనపడని వస్తువు ఇదే మొదలు."

అర్థమయ్యాక ఆ మనిషిని పట్టడం ఎవరి తరమూ కాలేదు. ఏమీ లేని ఆ ఫిల్మును ఊరంతా తిప్పి చూపించాడు. చూసినవాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వారు, నా పని ఇదీ అని గోడకి తగిలించుకున్నాడు. తర్వాతి తుఫానుకి ఇల్లు కురిసి ఆ ఫిల్ము పాడైపోతే, గొడ్డూ గోదా పోయినంత బాధపడ్డాడు.

నతానియేలు గారి దగ్గరే ఖుర్షిదా పని నేర్చుకుంది, గుంటూరెళ్ళి పరీక్ష రాసి పాసైంది, ఆయన రిటైరయ్యాక ఆ గది ఆమెకి వచ్చింది. ఫిల్ములు పోయి కంప్యూటరు వచ్చింది, అయినా పెద్దగా కావాలంటే అచ్చువేసి ఇచ్చే ఫిల్ము ఇప్పటికీ ఉంది. మిషన్లు మారాయి, దిండు మారలేదు. గుడ్డ చిరిగితే కొత్తది కుట్టింది. దూది ఉండకడితే, తండ్రి బతికున్నన్నాళ్ళు ఆయన ఏకాడు, పోయాక అటక మీది విల్లు దించి తనే ఏకింది. ఆడదానివి, విల్లు నీకెందుకు అన్నవాళ్ళకి, మీ పిల్లల్ని పడుకోబెట్టేది ఆ దూది మీదే అని జవాబు చెప్పింది. చెంపపెట్టులాంటి జవాబు.

ఇక ఈ ఏడాది సంగతి.

ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే రాజ్యం ఉంది. ఖుర్షిదా కంటే నాలుగేళ్ళు పెద్దది, కలిసి ముసలివాళ్ళవుతున్నారు. రాజ్యానికి ఊరి పక్కన ఎకరం పత్తి చేను ఉంది. ఆ చేనంటే ఆమెకి కన్నబిడ్డ. ఖుర్షిదా మెడనొప్పితో వారం సెలవు పెట్టినప్పుడు, రాజ్యం దిండు ఇంటికి పట్టుకెళ్ళి, గుడ్డ ఉతికి, పాత దూది తీసేసి, తన చేలో పత్తి నింపి, చక్కగా కుట్టి తెచ్చి చిలక్కొయ్యకు తగిలించింది.

"తొలి తీత పత్తమ్మే. మిల్లుకి కూడా ఇవ్వలేదు, నా చేత్తో గింజ తీశాను. మీ నాన్న పేరున్న దిండు కదా, నీకు మెడనొప్పి, నేను కాక ఎవరు చేస్తారు?" అంది.

ఖుర్షిదా కళ్ళు చెమర్చాయి. అలాంటి మాట విన్నాక ఇంకెవరైనా కుట్టు విప్పి చూస్తారా? విప్పి చూడాలి. తండ్రి నేర్పింది అదే, మాస్టారు నతానియేలు గారు నేర్పింది అదే. కానీ అంత ప్రేమగా చేసిన పనిని ఆమె కళ్ళముందే విప్పి నలిపి చూడటానికి మొహమాటం అడ్డొచ్చింది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళకి ఒక సామెత ఉంది, మర్యాదస్తుల ముందు చెప్పేది కాదు గానీ, నిజం మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం.

మర్నాడే లక్ష్మీదుర్గ వచ్చింది. మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే అమ్మాయి, చంకలో పది నెలల బాలు. భర్త యలమంద చీమకుర్తిలో గ్రానైటు లారీ తోలతాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. బాలుకి మూడు వారాలుగా దగ్గు. ఖుర్షిదా వాణ్ణి దిండులో పడుకోబెట్టి, పట్టీలు కట్టి, నాలుకతో తండ్రి విల్లు చప్పుడు చేసింది. టంగ్, టంగ్. వాడు ఏడుపాపి చూశాడు. మళ్ళీ ఏడవడానికి గుండెల నిండా ఊపిరి పీల్చాడు. సరిగ్గా అప్పుడు మీట నొక్కింది. పిల్లల ఎక్స్‌రేలో అసలు గుట్టు అదే, ఏడుపుకీ ఏడుపుకీ మధ్య పట్టుకోవాలి.

బొమ్మ తెర మీదికి వచ్చింది. ఊపిరితిత్తుల నిండా ఆవాలు చల్లినట్టు చుక్కలు.  ఇలాంటి బొమ్మలు ఖుర్షిదా ఇన్నేళ్ళలో చూసింది, అవి ఏ జబ్బువో తెలుసు. చదివి చెప్పడం తన పని కాదు కాబట్టి నోరు మెదపకుండా డాక్టరమ్మకి పంపింది.

పిల్లల డాక్టరు హెలెన్ బొమ్మ చూసి లక్ష్మీదుర్గని అడగాల్సినవన్నీ అడిగింది. అత్తగారు నిరుడు క్షయతో పోయిందని ఆ పిల్ల చెప్పింది. ఇక అనుమానానికి తావెక్కడ? రేపు పొద్దున్నే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలని, అక్కడ ముక్కులోంచి గొట్టం వేసి కడుపులో నీళ్ళు తీసి పరీక్ష చేస్తారని, నెలల తరబడి మందులు వాడాలని చెప్పింది. లక్ష్మీదుర్గ ఏడవలేదు. పిల్లాణ్ణి గుండెకి అదుముకుని, వరండాలో ఎక్స్‌రే గది ముందున్న బల్ల మీద కూలబడింది.

"మా అత్త ఎట్టా పోయిందో చూశానమ్మా. చివర్లో ఎముకలే మిగిలినయ్. నా కొడుకు కూడా అంతేనా?" అని ఖుర్షిదాని అడిగింది.

ఖుర్షిదా బాలు తల నిమిరి గదిలోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి హెలెన్ డాక్టరమ్మ స్వయంగా గదిలోకి వచ్చింది. "ఖుర్షిదా గారూ, నాకెందుకో మనసొప్పట్లేదండి. బొమ్మ చూస్తే పిల్లాడు మంచానపడి ఉండాలి. వాడేమో నా స్టెతస్కోపు లాక్కుని చప్పరిస్తున్నాడు. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. మీరూ నేనూ కలిసి ఇంకోసారి చూద్దామా? కావాలంటే ఇంకోటి తీద్దాం."

"తీయమంటే తీస్తానండి. కానీ పసివాడు, రెండోసారి వెలుతురు ఊరికే వెయ్యడం నాకిష్టం లేదు. ఆగండి."

కంప్యూటరు తనంతట తానే బొమ్మ అంచులు కత్తిరించి శుభ్రంగా చూపిస్తుంది. ఖుర్షిదా ఆ కత్తిరింపు తీసేసి మొత్తం బొమ్మ తెరిచింది. బాలు చంకకి అవతల, ఒళ్ళు అయిపోయి ఖాళీ మొదలైన చోట, ఒక చుక్క. ఇంకాస్త కిందికి ఇంకో రెండు. ఇద్దరూ ఒకేసారి ముందుకి వంగారు.

"ఒళ్ళు లేని చోట జబ్బెలా ఉంటుందండీ?" అంది హెలెన్ మెల్లగా.

 ఖుర్షిదా చెయ్యి అప్పటికే చిలక్కొయ్య మీద దిండు దగ్గరికి పోయింది. కళ్ళు మూసుకుంది. గుడ్డ మీదుగానే వేళ్ళతో నలుపుతూ వెళ్ళింది. ఒకచోట వేలు ఆగింది. తర్వాత ఇంకోచోట. పరాయివాళ్ళ వేలికైతే తెలియదు, ఖాదర్ వలి కూతురి వేలికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

పుస్తకం చెప్పినట్టే చేసింది. పిల్లాడు లేకుండా, దిండుని ఒక్కదాన్నే బల్ల మీద పెట్టి తీసింది. తెర నిండా చుక్కలు. హెలెన్ రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి చూసి, కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మయ్య" అంది. మళ్ళీ వెంటనే ముఖం ముడుచుకుంది.

"దిండులో ఉన్నాయి సరే. పిల్లాడి ఊపిరితిత్తుల్లో కూడా ఉంటే? ఇన్ని చుక్కల మధ్య నేను తేల్చలేను."

"మీకు తేలేట్టు నేను చేస్తాను. రెండు గంటలు ఆగమనండి ఆ అమ్మాయిని" అంది ఖుర్షిదా.

ఈలోగా రాజ్యాన్ని ఎవరో పిలిచారు. "గింజలేంటి? పత్తి గురించి నాకు చెబుతున్నావా, తాతకి దగ్గులు నేర్పినట్టు?" అంటూ వచ్చింది. తెర మీద చుక్కలు చూసింది. దిండు కుట్టు విప్పి తనే వేళ్ళు పెట్టి వెతికింది. ఒక గింజతునక దొరికింది, అరచేతిలో పెట్టుకుని కంటికి దగ్గరగా తెచ్చుకుంటే గానీ కనపడలేదు. కంట్లో పొర వచ్చిందని ఆమె ఎవరికీ చెప్పలేదు. 

"పసిగుడ్డుకి నేను జబ్బంటగట్టానే" అంది.

"నువ్వు అంటగట్టలేదక్కా. కుట్టు విప్పి చూసుకోవాల్సిన దాన్ని నేను. నీ మనసు నొచ్చుకుంటుందని చూడలేదు, అది నా తప్పు. మా నాన్న అయితే నువ్వూ నేనూ ఎంత చెప్పినా వినేవాడు కాదు, నీ ముందే విప్పి నలిపేవాడు. పద, పని ఉంది" అంది ఖుర్షిదా.

ఎదురు మిల్లుకి వెళ్ళి గింజ తీసిన దూది ఒక సంచెడు తెచ్చారు. ఇల్లు రెండు సందులవతలే. ఖుర్షిదా అటక మీంచి విల్లు దించింది. మెడనొప్పి ఇంకా తగ్గలేదు, ఒక్కో దెబ్బకీ నరం లాగుతోంది, అయినా ఆపలేదు. టంగ్, టంగ్ అని మోగుతుంటే, వాకిట్లో మెషిన్ పరుపుల కాలంలో పుట్టిన పిల్లలు మూగి వింతగా చూశారు. రాజ్యం గోడవారగా కూర్చుని ఏకిన దూదిని పిడికెడు పిడికెడు అందించింది. ఖుర్షిదా కళ్ళు మూసుకుని నలిపింది. మిల్లు దూదిలో కూడా ఒకటీ అరా గింజతునకలు దొరికాయి. తీసేసి మళ్ళీ ఏకి, మళ్ళీ నలిపింది. ఎక్కడా వేలు ఆగనంతవరకూ నలిపింది. అప్పుడు రాజ్యం సూదిలో దారం ఎక్కించమని ఇచ్చి, కుట్టు మాత్రం తనే వేసింది. వద్దంటే ఊరుకునేలా లేదు మరి.

తిరిగి వచ్చేసరికి లక్ష్మీదుర్గ బల్ల మీదే ఉంది. బాలు ఒళ్ళో నిద్రపోతున్నాడు, నిద్రలోనే దగ్గుతున్నాడు.

ఖుర్షిదా ముందు కొత్త దిండుని ఒక్కదాన్నే పెట్టింది. బీరువా తెరిచి, పుస్తకం పక్కన గుడ్డలో చుట్టి ఉన్న పాత సీసం అక్షరం తీసి మూల పెట్టింది. మీట నొక్కింది. తెర మీద ఆ మూల 'ఖా' తప్ప ఏమీ లేదు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒక్క చుక్క లేదు.

"ఇప్పుడు పిల్లాణ్ణి ఇవ్వమ్మా" అంది.

నిద్ర చెడినందుకు బాలు ఊరెగిరిపోయేలా ఏడ్చాడు. లక్ష్మీదుర్గ గుమ్మం దగ్గర రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. హెలెన్ తెర ముందు నిలబడింది. రాజ్యం ఎక్కడికి చూడాలో తెలియక గోడకేసి చూస్తోంది. ఖుర్షిదా పట్టీలు కట్టి, సీసం గోడ వెనక్కి వెళ్ళి, మీట మీద వేలు పెట్టి వాడి ఏడుపు వింది.   ఈ బొమ్మలో చుక్కలుంటే ఇక చెయ్యగలిగింది లేదు, అవి ఆ పసివాడివే. దిండు తప్పే కావాలని, తన తప్పే కావాలని ఆమె మనసారా కోరుకుంది. వాడు ఊపిరి పీల్చాడు. నొక్కింది.

ఊపిరితిత్తులు రెండూ కడిగిన పలకల్లా ఉన్నాయి.

హెలెన్ ఒకటికి రెండుసార్లు చూసింది, పెద్దది చేసి చూసింది, అంచుల దాకా తెరిచి చూసింది. తర్వాత గుమ్మం వైపు తిరిగింది.

"లక్ష్మీదుర్గా, నీ కొడుక్కి ఆ జబ్బు లేదమ్మా. మీ ఇంట్లో ఆ జబ్బు వచ్చింది కాబట్టి చర్మానికి చేసే చిన్న పరీక్ష ఒకటి చేద్దాం, అంతే. వీణ్ణి పనిలో ఎక్కడ పడుకోబెడతావు?"

"అక్కడేనండి. కాయల బస్తాల పక్కన ఉయ్యాల కట్టి."

"పెద్దవాళ్ళకే ఆ ఘాటుకి దగ్గొస్తుంది కదమ్మా. రేపటి నుంచి ఉయ్యాల ఆవరణ బయట కట్టు. తగ్గకపోతే మళ్ళీ తీసుకురా."

అప్పుడు ఏడ్చింది లక్ష్మీదుర్గ. పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా ఏడ్చింది. ఖుర్షిదా ఆమె ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. దిండులో గింజలు మిగిలాయని, చూసుకోకపోవడం తన పొరపాటని, దానివల్ల పొద్దుటి నుంచి నరకం చూపించామని. తిడుతుందేమోనని రాజ్యం ఒక అడుగు ముందుకేసింది. లక్ష్మీదుర్గ ఎవర్నీ తిట్టలేదు. బల్ల మీది దిండు దగ్గరికెళ్ళి, అందులో ఇంకా పడుకునే ఉన్న కొడుకు పక్కన చెయ్యి పెట్టి దూది నొక్కి చూసింది.

"ఇది మీరు ఏకిందేనా అమ్మా? ఎంత మెత్తగా ఉందో" అంది.

రాజ్యం మరుసటి వారమే కంటి ఆపరేషనుకి పేరు రాయించుకుంది. ఖుర్షిదాయే దగ్గరుండి రాయించింది. ఇప్పుడు ఆ గదికి ఇంకో ఆచారం కలిసింది. దిండు ఉతికి వచ్చిన ప్రతిసారీ, ఎవరు నింపినా, ఎంత ప్రేమగా నింపినా, పిల్లాణ్ణి పడుకోబెట్టే ముందు దాన్ని ఒక్కదాన్నే బల్ల మీద పెట్టి చూస్తారు. మొహమాటాల్లేవు.

దిండు మళ్ళీ కుట్టిన ఆ వారంలోనే, ఆదివారం ఖుర్షిదా బస్సెక్కి ప్రత్తిపాడు వెళ్ళింది. నతానియేలు గారు అక్కడ చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. ఎనభై దాటిన మనిషి, చొక్కా ఇస్త్రీ మడత మాత్రం ఇప్పటికీ నలగదు. చర్చి నుంచి అప్పుడే వచ్చి కిటికీ పక్కన కూర్చున్నారు. చూపు తగ్గింది, మాట తగ్గింది, మనిషిని మాత్రం గుర్తుపట్టారు.

"ఏమ్మా ఖుర్షిదా, చేతులేవీ?" అన్నారు. ఎప్పుడు వెళ్ళినా ముందడిగే మాట అదే. ఆమె రెండు చేతులూ చాపింది. ఆయన వేలు వేలూ తడిమి చూసి, తృప్తిగా వదిలేశారు.

ఆమె సంచిలోంచి ఒక ఫిల్ము తీసి ఇచ్చింది. కొత్త దిండు బొమ్మ, అచ్చువేయించి తెచ్చింది. ఆయన రెండు సగం వేళ్ళున్న ఎడమచేత్తోనే దాన్ని పట్టుకుని కిటికీ వెలుతురుకేసి ఎత్తారు. ఆ మూల నుంచి ఈ మూలకి నెమ్మదిగా చూసుకుంటూ వచ్చారు. నల్లటి ఫిల్ము మూల చిన్న అక్షరం కనపడగానే చెయ్యి ఆగింది. ముసలి ముఖమంతా వెలిగింది.

"ఇది ఖాదర్ ఏకిన దూది కదమ్మా. తుఫానులో పోయిందన్నావే, ఎక్కడ దొరికింది?"

 ఇన్నేళ్ళలో ఎవరెంత పొగిడినా తొణకని ఖుర్షిదా, ఆ అక్షరం మీద వేలు పెట్టి మెల్లగా చెప్పింది.

"దొరకలేదు మాస్టారూ. ఇది నాన్న ఏకింది కాదు, మొన్న నేను ఏకింది."